గేటు గడియ

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీకి ఇనుప గేటు. రాత్రి పదింటికి ఓనర్ అంకుల్ గడియ వేస్తే మూడో అంతస్తు దాకా వినిపించేది. రూమ్మేట్లు ఫోన్లు చూసుకుంటుంటే నాకు మాత్రం అరచేతులు చెమటలు పట్టేవి. హిందూపురంలో మా ఇంటి గడియ కూడా అలాగే మోగేది. అంటే నాన్న తాగొచ్చారన్నమాట. అమ్మ నన్ను బీరువా పక్కకి నెట్టేది. అప్పుడు నాకు ఏడేళ్లు.

రెండో సెమిస్టర్‌లో నిద్ర కరువైంది. ల్యాబ్‌లో ఎవరో స్టూలు లాగితే గుండె దడ, ఊపిరాడేది కాదు. ఈసీజీ తీశారు, నార్మల్. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నారు. ఎలాగో చెప్పలేదు.

ఒక రాత్రి ఒంటిగంటన్నరకి బాత్రూంలో గడియ పెట్టుకుని కూలబడిపోయాను. మదనపల్లె నుంచి వచ్చిన రూమ్మేట్ తలుపు బాదలేదు. "నేనేనే, ఇక్కడే కూర్చున్నా" అంది, అంతే. కాసేపటికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తనే ఫోన్ చేసి, తెలుగు ఎంచుకుని, స్పీకర్ పెట్టి ఫోన్‌ని తలుపు కింది సందులోంచి తోసింది. 2022 అక్టోబరులో మొదలైన ఉచిత నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి వెళ్లాం. క్యూలో తను తెచ్చిన చిత్రాన్నం తిన్నాం. డాక్టర్ పీటీఎస్‌డీ అన్నారు, అంటే పాత దెబ్బ తాలూకు భయం మనసులో ఉండిపోయే జబ్బు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది, మొదట్లో వికారం కూడా. కౌన్సెలింగ్‌లో గడియ చప్పుడు రికార్డు చేసి, చిన్న సౌండులో రోజూ వినమన్నారు. రికార్డు చేసిందీ రూమ్మేటే. నిద్ర పట్టట్లేదంకుల్ అని చెప్పి గడియకి పాత సైకిల్ ట్యూబు చుట్టించిందీ తనే.

మనసుకి గాయమైన తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలని కొలవడానికి 1996లో టెడెస్కీ, కాల్హూన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 21 అంశాల ప్రశ్నావళి తయారుచేశారని కౌన్సెలర్ ఒకసారి చెప్పారు. నాకు ఒళ్లు మండింది. దెబ్బలు తింటేనే పిల్లలు గట్టిపడతారని మా మేనత్త అనే మాటలాగే తోచింది. "దెబ్బవల్ల కాదు, దాంతో పెనుగులాడటంవల్ల అంటారు వాళ్లు" అన్నారావిడ. సగమే ఒప్పుకున్నాను.

సంక్రాంతికి అమ్మతో మొదటిసారి ఆ రాత్రుల గురించి మాట్లాడాను. "నిద్రపోయేదానివనుకున్నానే" అంది, చేతిలో చిక్కుడుకాయలు అలాగే పట్టుకుని.

మొన్న వానలకి ట్యూబు ఊడిపోయింది. రెండు రోజులు నేను గమనించనేలేదు. మూడోరోజు ఉలిక్కిపడ్డాను. లేచి మంచినీళ్లు తాగి పడుకున్నాను.