మానిటర్ మీద పెన్ను గీతలు, రుద్దకుండా ఎలా వదిలించానంటే

పక్కన కూర్చుని మన స్క్రీన్ చూస్తూ మాట్లాడే వాళ్ళ చేతిలో పెన్ను ఉందంటే మాటకంటే ముందు పెన్నే స్క్రీన్ మీదికి వెళ్తుంది, ఇది చాలామందికి తెలిసిన బాధే. మా టీమ్‌లో ఒకతను "ఇదిగో అన్నా, ఈ లైన్ దగ్గరే తేడా కొడుతోంది" అంటూ బాల్ పెన్నుతో టకటకా పొడిచేసరికి మానిటర్ నట్టనడుమ నీలం చుక్కలు, ఒక పొడుగాటి గీత. పాపం కంగారుపడి వెంటనే చొక్కా చేతితో తుడవబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను.

తర్వాత సలహాల వాన మొదలైంది. టూత్‌పేస్ట్ రాయమని ఒకరు, శానిటైజర్ వెయ్యమని ఒకరు, నెయిల్ పాలిష్ రిమూవర్ అయితే దెబ్బకి పోతుందని ఇంకొకరు. నిజమే, పోతుంది, ఇంకుతో పాటు స్క్రీన్ పైపొర కూడా పోతుంది. చాలా రిమూవర్లలో అసిటోన్ ఉంటుంది, అది ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, మసకబారుస్తుంది. టూత్‌పేస్ట్‌లో పళ్ళ మీద గార పోగొట్టడానికి సన్నటి గరుకు పొడి కలుపుతారు కాబట్టి దాంతో రుద్దడమంటే స్క్రీన్‌కి ఉప్పుకాగితం పట్టినట్టే. శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉన్న మాట నిజమే కానీ చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ లాంటివి కూడా వేస్తారు, ఆ జిగురంతా స్క్రీన్ మీద మిగిలిపోయి అదో కొత్త మరక అవుతుంది. కిటికీ అద్దాలు తుడిచే స్ప్రేల్లో కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది, అదీ వద్దు.

అసలు నేను ముందు చూసుకున్నది స్క్రీన్ ఏ రకమో. ఆఫ్ చేసి ఎదురుగా లైట్ ప్రతిబింబం చూస్తే తెలిసిపోతుంది, అద్దంలోలా స్పష్టంగా కనిపిస్తే గ్లాసీ, చెదిరిపోయి మసగ్గా కనిపిస్తే మ్యాట్. నాది మ్యాట్. ఇక్కడే ఉంది చిక్కంతా. మ్యాట్ స్క్రీన్ పైపొర కంటికి కనపడనంత సన్నగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, వెలుతురుని చెదరగొట్టడానికే అలా చేస్తారు, ఇంకు వెళ్ళి ఆ గుంటల్లో కూర్చుంటుంది. గట్టిగా రుద్దితే ఇంకు సంగతేమో గానీ ఆ మిట్టలు అరిగిపోయి అక్కడ ఒక మెరిసే మచ్చ పడుతుంది, దానికి ఏ మందూ లేదు. పైగా వేలితో నొక్కితే లోపలున్న ప్యానెల్ (బొమ్మ చూపించే పలక) మీద ఒత్తిడి పడుతుంది, అది ఇంకో తలనొప్పి.

ఇంకో ముక్క, ఇంకులా కనిపించే ప్రతిదీ ఇంకు కాదు. స్క్రీన్‌కి దెబ్బ తగిలి లోపల పగిలితే నల్లగా సిరా ఒలికినట్టే మచ్చ పాకుతుంది. ఆఫ్ చేసి టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే పైన అంటుకున్న ఇంకు గరుగ్గా తేలి కనిపిస్తుంది, లోపలి మచ్చ అయితే పైభాగం శుభ్రంగా ఉంటుంది. అలాంటప్పుడు ఎంత తుడిచినా దండగే, ప్యానెల్ మార్చాల్సిందే.

సరే, పనిలోకి వస్తా. పవర్ ఆపి, కేబుల్ పీకి, స్క్రీన్ వేడి తగ్గేదాకా ఆగాను, వేడి మీద ఏ ద్రవమైనా ఇట్టే ఆరిపోయి చారలు కడుతుంది. ముందు పొడి మైక్రోఫైబర్ క్లాత్‌తో దుమ్ము మాత్రం తేలిగ్గా తీసేశా, ఎందుకంటే తడి గుడ్డ కింద దుమ్ము రేణువు ఉంటే గీత పడేది దానివల్లే. టిష్యూ పేపర్ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్ (ఆవిరి చేసి చల్లబరిచిన, లవణాలు లేని నీళ్ళు)తో కొంచెం తడిపిన క్లాత్ పెట్టి చూశా. జెల్ పెన్ను ఇంకు నీళ్ళతో చేసింది కాబట్టి తాజాగా ఉంటే దీనికే చాలావరకు వదులుతుంది. నాది బాల్ పెన్ను, దాని ఇంకు జిడ్డు రకం, నీళ్ళని అస్సలు లెక్కచెయ్యలేదు.

అప్పుడు బయటికి తీశా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఇంకుని కరిగించి త్వరగా ఆరిపోయే ఒక రకం స్పిరిట్. కంపెనీ మాన్యువల్‌లో ఇది వాడొచ్చని ఉందో లేదో చూసుకున్నాకే, మీరూ చూసుకోండి, కొన్ని కోటింగ్‌లకి నీళ్ళు తప్ప ఏదీ వద్దంటారు. కింద మూలలో కొంచెం అద్ది ఆరనిచ్చి రంగు, మెరుపు మారలేదని చూసుకుని మొదలుపెట్టా. స్క్రీన్ మీద స్ప్రే మాత్రం కొట్టకూడదు, జారి కింద అంచులోకి దిగితే అక్కడే ప్యానెల్ ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. ఇయర్ బడ్‌ని తడిపి, కారకుండా పిండి, చుక్క మీద ఆనించి ఊరికే అలా ఉంచా. కాసేపటికి ఎత్తి చూస్తే దూది చివర వంకాయ రంగు. పెన్ను నీలమే గానీ కరిగాక బయటపడేది ఇలా ఊదా రంగు కూడా. అంటే ఇంకు కదులుతోందన్నమాట. రుద్దాలని చెయ్యి దురద పెడుతుంది, అస్సలు వద్దు. ఆ బడ్ పక్కన పడేసి కొత్తది తీసుకోవాలి, పాతదే మళ్ళీ పెడితే తీసిన ఇంకునే తిరిగి పులుముతాం. గీత దగ్గర మాత్రం బయటి అంచు నుంచి లోపలికి అద్దుకుంటూ వచ్చా, లేకపోతే నీలం నీడ చుట్టూ పాకేది. చుక్కలు తొందరగానే పోయాయి, గీత మాత్రం బాగా ఓపిక పరీక్షించింది.

పర్మనెంట్ మార్కర్ అయితే దాని మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీసి తుడిస్తే పోతుందని ఒక చిట్కా ఉంది, వైట్‌బోర్డ్ మీదా గాజు మీదా అది పనిచేస్తుంది, మ్యాట్ స్క్రీన్ మీద ఇంకా ఇంకు పోసుకోవడం నాకైతే తెలివైన పనిగా అనిపించదు.

చివర్లో డిస్టిల్డ్ వాటర్ క్లాత్‌తో ఆల్కహాల్ మిగులు తీసేసి, పొడి క్లాత్‌తో అద్ది, పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టా. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టి చూస్తే ఇంకు జాడ లేదు. గీత ఉన్న చోట మాత్రం పక్కనుంచి చూస్తే సన్నటి గాడి ఒకటి కనిపిస్తుంది, అది మరక కాదు, పెన్ను మొన నొక్కుకున్న గుర్తు. దాన్ని పాలిష్ చేద్దామన్నారు, వద్దన్నా, ఎదురుగా కూర్చుంటే అది కనపడనే కనపడదు.