నకిలీ ఆఫర్ లెటర్ ఇచ్చి నా పత్రాలు పట్టుకెళ్లాక: నా అనుభవం

హైదరాబాద్‌లోని ఒక పేరున్న సాఫ్ట్‌వేర్ సంస్థ తరఫున మాట్లాడుతున్నామని చెప్పి, వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసి, ఆఫర్ లెటర్ కూడా పంపినవారు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనీ ధ్రువపత్రాల పరిశీలన రుసుము అనీ నా చేత యూపీఐ ద్వారా విడతలవారీగా డబ్బు కట్టించుకున్నారు. బీమా పేరుతో మళ్లీ అడిగినప్పుడు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. నా పేరుతో నియామకమేదీ జరగలేదనీ, ఉద్యోగం ఇచ్చేందుకు తాము ఎవరి దగ్గరా డబ్బు తీసుకోమనీ వారు చెప్పారు. అప్పటికే నా ఆధార్, పాన్, మార్కుల జాబితాలు, రద్దు చేసిన చెక్కు, సంతకం అన్నీ మోసగాళ్ల దగ్గర ఉన్నాయి. పోయిన డబ్బు ఎంతో నాకు తెలుసు గానీ, ఆ పత్రాలను అడ్డుపెట్టుకుని నా పేరు మీద ముందు ముందు ఏమేం చేస్తారో తెలియకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

మొదట సైబర్ మోసాల జాతీయ సహాయవాణి 1930కి ఫోన్ చేశాను. డబ్బు కట్టిన తేదీ, సమయం, మొత్తం, ఏ యూపీఐ ఐడీకి వెళ్లింది, లావాదేవీ నంబరు ఎంత అని అడిగారు. ఈ వివరాలు ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే మాట తడబడదు. మన ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది, అక్కడ మిగిలి ఉన్న మొత్తాన్ని వారు నిలిపివేస్తారు, అప్పటికే వేరే ఖాతాకు మళ్లించి ఉంటే సమాచారం ఆ బ్యాంకుకు వెళ్తుంది. మోసగాళ్లు గంటల వ్యవధిలోనే డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మారుస్తారు కాబట్టి, ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ గడిపే ప్రతి గంటా వారికే కలిసివస్తుంది. నాన్నగారికి విషయం చెప్పింది 1930కి ఫోన్ చేసిన తర్వాతే. ఆ వరుసే సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ రోజే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేసి, రసీదు సంఖ్యను భద్రపరిచాను.

వాట్సాప్ సంభాషణలను, నంబర్లు కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్‌లను, ఈమెయిళ్లను దాచుకున్న తర్వాతే వారిని బ్లాక్ చేశాను. పత్రాల పరిశీలన కోసమని వారు నా ఫోన్‌లో స్క్రీన్ పంచుకునే యాప్ ఒకటి వేయించారు. అది ఉండగా అదే ఫోన్‌లో పాస్‌వర్డ్‌లు మారిస్తే కొత్తవి కూడా వారికి కనిపించే ప్రమాదం ఉందని తెలిసి, ముందు దాన్ని తొలగించి, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను అక్క ఫోన్ నుంచి మార్చాను. బ్యాంకు శాఖకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కార్డును మార్పించుకున్నాను. ఖాతాదారు ప్రమేయం లేకుండా డబ్బు పోతే రిజర్వు బ్యాంకు నిబంధనలు రక్షణ ఇస్తాయి గానీ, మోసపోయి మన చేతులతో మనమే పంపిన డబ్బుకు ఆ రక్షణ వర్తించడం కష్టమని అక్కడ అర్థమైంది. అయినా ఆ ఫిర్యాదు ప్రతి తర్వాత పనికివచ్చింది.

ఆధార్ విషయంలో చాలామంది బయోమెట్రిక్ లాక్ చేసి ఊరుకుంటారు. దానివల్ల వేలిముద్ర, కంటిపాప, ముఖం ద్వారా జరిగే ధ్రువీకరణ ఆగుతుంది తప్ప ఓటీపీ ద్వారా జరిగేది ఆగదు. ఆధార్ సంఖ్యనే లాక్ చేయవచ్చు, కానీ అందుకు ముందుగా 16 అంకెల వర్చువల్ ఐడీ తీసుకోవాలి. ఆ తర్వాత ఏ అవసరానికైనా ఆ ఐడీనే వాడుకోవాలి. నేను రెండూ చేసి, గత ఆరు నెలల్లో నా ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపించే ధ్రువీకరణ చరిత్రను కూడా పరిశీలించాను. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ అయిన సంచార్ సాథీలో నా పేరు మీద ఉన్న సిమ్‌లను చూస్తే, నేనెన్నడూ తీసుకోని నంబరు ఒకటి కనిపించింది. అది నాది కాదని అక్కడే నమోదు చేసి, ఆ వివరాన్ని పోలీసు ఫిర్యాదుకు జత చేశాను.

పాన్‌కు ఇలాంటి తాళం లేదు కాబట్టి కనిపెట్టుకుని ఉండటమే మార్గం. మన అప్పుల చరిత్రను నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలైన సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికి ఒక్కో పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఒకేసారి నాలుగూ తెప్పించుకోకుండా కొన్ని నెలల తేడాతో ఒక్కొక్కటి తీసుకుంటే ఏడాది పొడవునా నిఘా ఉంటుంది, పైగా మన నివేదికను మనం చూసుకుంటే క్రెడిట్ స్కోరు తగ్గదు. అందులో అప్పుల జాబితాను మాత్రమే చూస్తే సరిపోదు. మన పేరుతో ఎవరెవరు విచారణ చేశారో చూపే భాగమే ముఖ్యం, ఎందుకంటే అప్పు మంజూరు కాకముందే ప్రయత్నం జరిగిందన్న సంగతి అక్కడ బయటపడుతుంది. నా నివేదికలో నేను ఎన్నడూ దరఖాస్తు చేయని ఒక రుణ యాప్ విచారణ కనిపించడంతో, ఆ రుణ సంస్థకూ బ్యూరోకూ ఫిర్యాదు సంఖ్యతో సహా రాశాను. అప్పు మంజూరు కాలేదని సంస్థ లిఖితపూర్వకంగా తెలియజేసింది. ఇలాంటి ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం ఉంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో నాకు తెలియని జీతమేదీ నమోదు కాలేదని కూడా నిర్ధారించుకున్నాను.

ఇంత జరుగుతుండగా, పోయిన డబ్బు వెనక్కి తెప్పిస్తామనీ ముందుగా కొంత రుసుము కట్టాలనీ సైబర్ పోలీసుల పేరు చెప్పి ఒకరు ఫోన్ చేశారు. నా ఫిర్యాదు సంఖ్య చెప్పమంటే చెప్పలేకపోయారు. ఒకసారి మోసపోయినవారి నంబర్లు చేతులు మారుతుంటాయి గనుక ఇలాంటి ఫోన్ వస్తుందని ముందే అనుకోవాలి. ఆ నంబరును కూడా సంచార్ సాథీలో అనుమానాస్పద ఫోన్లపై ఫిర్యాదు చేసే చక్షు విభాగంలో నమోదు చేశాను.

బ్యాంకులో నిలిపివేసిన డబ్బు దానంతట అది తిరిగి రాదు. నా విషయంలో అప్పట్లో అందుకు కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చింది. తెలంగాణలో ఇలాంటి కేసులను లోక్ అదాలత్‌లో చేపట్టి డబ్బు ఇప్పిస్తున్నారని పోలీస్ స్టేషన్‌లో చెప్పారు. గుర్తింపు కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫిర్యాదు ప్రతి ఇచ్చి దరఖాస్తు చేశాను. చివరి విడతగా కట్టిన మొత్తం ఇంకా ఖాతాలోనే ఉండగా నిలిచిపోవడంతో అది నాకు తిరిగి వచ్చింది. అంతకుముందు కట్టినది మొదటి ఖాతా దాటి వెళ్లిపోయింది; దాని జాడ గురించిన దర్యాప్తు ఇంకా సాగుతోంది.