తొమ్మిది, ఇరవై రెండు

రక్తంలో తెల్ల కణాలు మైక్రోలీటరుకు 1,86,000. ఉండాల్సింది 11,000 లోపు కాబట్టి ల్యాబ్‌లో టైపింగ్ పొరపాటనుకున్నాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందని, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉందని, గ్యాస్ మాత్రలతోనే మూడు నెలలు నెట్టుకొచ్చాను. తీరా చూస్తే వాచింది ప్లీహం. ఎముక మజ్జ పరీక్ష తర్వాత జబ్బు పేరు తెలిసింది: క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్.

"నేనేం చేశానని వచ్చింది డాక్టర్?" అన్నాను. సిగరెట్ ముట్టలేదు. ప్రింటింగ్ పనిలో పదేళ్లు థిన్నర్ వాసన పీల్చాను, అందువల్లే కదా అని రెట్టించాను. ఆమె ఒప్పుకోలేదు. థిన్నర్ మంచిదని కాదు, కొన్ని థిన్నర్లలో ఉండే బెంజీన్ వల్ల ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్ వస్తుంది. నా రకానికి గట్టిగా రుజువైన బయటి కారణం ఎక్కువ మోతాదు రేడియేషన్. 1945 అణుబాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్లలో అది తేలింది. చాలామంది విషయంలో మాత్రం ఫలానా కారణమని చెప్పలేరట. పిల్లలకు సంక్రమించదన్నారు, ఆ మాటకి ఊపిరి తీసుకున్నాను. కానీ తిట్టుకోడానికి ఒక పేరు కావాలి కదా మనిషికి!

లోపల జరిగింది మాత్రం కాగితం మీద గీసి చూపించారు. మజ్జలో ఒక్క కణంలో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. అతుకు పడ్డచోట కొత్త జన్యువు, బీసీఆర్-ఏబీఎల్, పుట్టింది. అది తయారుచేసే ప్రొటీన్, కణాలను పెరగమని చెబుతూనే ఉండే ఆగని స్విచ్. పొట్టిగా మారిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే పరిశోధకులు గుర్తించారు. తెగిన ముక్క ఎటు పోయిందో 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు, క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చుకుని. చెమటలతో తడిసి మేలుకున్న రాత్రుల్లో నాకు ఆ బల్లే గుర్తొచ్చేది.

ఆ స్విచ్‌ను ఆపే మందు, ఇమాటినిబ్, 2001లో వచ్చింది. నాకు రోజుకు 400 మిల్లీగ్రాములు, తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. పిక్కలు పట్టేసేవి, పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు. ఒకసారి వాంతి అయితే, ఇంకో మాత్ర వేసుకోవాలా వద్దా అని రాత్రంతా టెన్షన్. వేసుకోకూడదట.

తెల్ల కణాల కౌంటు రెండో నెలకే దారికొచ్చింది. అసలు చూసేది బీసీఆర్-ఏబీఎల్ శాతం, అంటే రక్తంలో ఆ జన్యువు జాడ ఇంకా ఎంత మిగిలిందో. మూడు నెలలకు 10 లోపు రావాలి, 6 వచ్చింది. ఏడాదికి 0.1 అన్నారు, నాది 0.4. ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మందు మార్చకుండా ఇంకొంత కాలం చూద్దామన్నారు. పద్దెనిమిదో నెలలో 0.06.

ఆ రిపోర్టు చేతిలో ఉండగానే మళ్లీ థిన్నర్ మాట ఎత్తాను. ఆమె నవ్వి, "మాత్రలు ఒక్క రోజు కూడా మానట్లేదు కదా?" అన్నారు. మానట్లేదు. మళ్లీ రక్తం ఇవ్వాల్సింది మూడు నెలల తర్వాత.