ముద్ర చదివాకే తుప్పు తియ్యాలి

పాత మంగలికత్తి ఏదైనా చేతికి వస్తే ముందుగా మడత చీలకు (అలుగును పిడికి బిగించే మేకుకు) పైన ఉండే మెడ భాగాన్ని చూస్తాను, ఎందుకంటే తయారీదారు ముద్ర పడేది అక్కడే. మూడేళ్ల క్రితం ఈ సంగతి తెలియక ఒక కత్తి మెడను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. తుప్పుతో పాటు అక్షరాలూ పోయాయి; అది ఏ ఊరిదో, ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే గత ఏడాది హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన కత్తికి, కుట్టుమిషను నూనెలో తడిపిన గుడ్డ చుట్టి రెండు రోజులు కదపకుండా ఉంచాను. తర్వాత వెదురు పుల్లతో మెల్లగా గీరితే ఒక కిరీటం, దానికి అటూ ఇటూ డబ్ల్యూ, ఆర్ అక్షరాలు తేలాయి. అది 1830 నుంచి 1837 దాకా ఇంగ్లండును ఏలిన నాలుగో విలియం రాజముద్ర. అయితే ముద్ర ఒక్కదాన్నే నమ్మకూడదు, కత్తి ఆకారం కూడా దానికి సాక్ష్యం పలకాలి. ఈ అలుగు వీపు నుంచి అంచు దాకా గుంట లేకుండా దళసరిగా ఉంది; రెండు పక్కలా లోతుగా గుంట తీసి పలుచన చేసే పద్ధతి 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో గాని వ్యాపించలేదు. తయారైన దేశం పేరు కూడా దీని మీద లేదు. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వల్ల, ఆ దేశానికి వెళ్లే సరుకు మీద 1891 నుంచి దేశం పేరు తప్పనిసరి అయింది. కానీ పేరు లేకపోవడం బలహీనమైన ఆధారమే, అమెరికాకు పంపని కత్తులకు ఆ అవసరం లేదు కదా.

రాజముద్ర కింద 'సిల్వర్ స్టీల్' అన్న మాట చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో 500వ వంతు వెండి కలిపి చూసిన ప్రయోగాల తర్వాత, ఇంగ్లండులో కత్తుల తయారీకి పేరుపడ్డ షెఫీల్డ్‌లో ప్రచారంలోకి వచ్చిన పేరది. ఆ ప్రయోగాలకు ప్రేరణ ఊట్జ్ అనే మన దేశపు పాతకాలపు ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసినదీ ఆ కోవలోదే. తర్వాత్తర్వాత అది వ్యాపారపు పేరుగా స్థిరపడింది గనుక, ముద్ర ఉన్నంత మాత్రాన అందులో వెండి ఉందనుకోనక్కరలేదు.

బాగుచేయడంలో నాకున్న పట్టుదల ఒక్కటే: కరెంటు సానయంత్రం దరిదాపుల్లోకి కత్తిని పోనివ్వను. పలుచని అంచు క్షణంలో వేడెక్కుతుంది, నీలి రంగు తిరిగిన చోట పాయనం, అంటే ఉక్కుకు పట్టించిన గట్టిదనం, పోయినట్టే. నీళ్లలో తడిపిన నున్నటి కాగితంతో అలుగును మాత్రమే, పొడవునా ఒకే దిశలో రుద్దాను. ఎండి బీటలు తీస్తున్న పిడి కొమ్ము బద్దలను వారం రోజులు నీట్స్‌ఫుట్ నూనెలో (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) నానబెట్టాను. వదులైన చీల స్థానంలో 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను దించి, చిన్న సుత్తితో పదేపదే తేలికగా కొట్టి దాని కొసలను మేకు తలల్లా పరిచాను.

పదును పెట్టేటప్పుడు వీపు, అంచు రెండూ ఒకేసారి రాతికి ఆనాలి, అప్పుడే వాలు సమంగా వస్తుంది. 1000 నంబరు రాయి మీద ఓపికగా వాలు కుదిర్చి, అంతకంతకూ నున్నటి 4000, 8000, 12000 రాళ్ల మీదుగా వెళ్లి, చివర తోలుపట్టీ మీద వీపు ముందుగా లాగాను. వేలాడదీసిన వెంట్రుక అంచుకు తగలగానే తెగింది. ముక్కు దగ్గరి తుప్పు గుంటలను అలాగే వదిలేశాను. కిరీటం గీతల్లో నిలిచిన నలుపునూ తాకలేదు.