డెల్టాలో పైపు సైజు రూల్: వేగం ఒక్కటే చూస్తే చాలదు

కాలువ నుంచి రొయ్యల చెరువుకు నీళ్లు తోడే లేఅవుట్‌ని ఆటోడెస్క్ ఇన్వెంటర్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసేటప్పుడు పైపు సైజుని ఐలాజిక్ రూల్‌కి, అంటే అందులోనే రాసుకునే చిన్న ప్రోగ్రాంకి, అప్పగించడం మంచి పద్ధతి. డిశ్చార్జి (గంటకు పారే నీటి పరిమాణం) మారిస్తే పైపూ, బెండూ, ఫ్లాంజీ వాటంతటవే మారతాయి. కానీ చాలామంది రూల్‌లో చూసేది వేగం ఒక్కటే, సెకనుకు 1.5 మీటర్లు దాటకపోతే సరే అని. భీమవరం, అమలాపురం వైపు అలా చేస్తే ఆ భారం ఏటా కరెంటు బిల్లులో పడుతుంది.

గంటకు 60 ఘనపు మీటర్ల నీటికి ఆ వేగంలో లోపలి వ్యాసం కనీసం 119 మి.మీ. కావాలి. పీవీసీ పైపుకి పేరు బయటి వ్యాసంతో ఉంటుంది. రూల్ పైపు సైజుల ఎక్సెల్ పట్టికలో ఆ పేరున్న కాలమ్‌లో వెతికితే 125 పైపు పట్టుకొస్తుంది. గోడ మందం 4 మి.మీ. అనుకుంటే లోపల మిగిలేది 117. అందుకే ఎక్సెల్ పట్టికలో లోపలి వ్యాసానికి వేరే కాలమ్ పెట్టి అందులోనే వెతికించాలి. అప్పుడు 140 వస్తుంది, 4.5 గోడతో లోపల 131.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 200 మీటర్ల లైనులో హేజెన్-విలియమ్స్ సూత్రం లెక్కన, సీ విలువ (పైపు లోపలి నునుపుని చెప్పే అంకె) 150 తీసుకుంటే, 131 లోపలి వ్యాసంలో రాపిడి నష్టం దాదాపు 2 మీటర్లు, అంటే మోటారు నీటిని అంత ఎత్తు అదనంగా ఎత్తినట్టే. నీటిని ఎత్తాల్సింది 2.5 మీటర్లే అయినప్పుడు ఇది చాలా ఎక్కువ. 160 పైపు వేసి లోపల 150 ఉంటే నష్టం ఒక్క మీటరుకి దిగుతుంది. ఇరవై మీటర్లు ఎత్తాల్సిన మెట్టలో ఆ మీటరు తేడా పెద్దగా తెలియదు. మన పల్లపు చెరువుల్లో మాత్రం మోటారు సైజే మారిపోతుంది. కాబట్టి వేగంతో మొదటి వరస పట్టుకుని, నష్టం ఎత్తులో సగానికి తగ్గేదాకా కింది వరసలకి లూప్ నడపండి.

ఎక్సెల్ పట్టికలో వెతికే ఐలాజిక్ ఫంక్షన్ గోఎక్సెల్ ఫైండ్‌రో షరతుకి సరిపోయిన మొదటి వరసనే ఇస్తుంది. పట్టిక చిన్న సైజు నుంచి పెద్దదానికి ఉండకపోతే 140 సరిపోయే చోట 200 ఇచ్చేస్తుంది. ఏదీ దొరక్కపోతే -1 వస్తుంది. అక్కడ మెసేజ్ చూపించి రూల్ ఆపేయండి, లేకపోతే పాత సైజే డ్రాయింగులో ఉండిపోయే ప్రమాదముంది.

అన్నిటికన్నా మోసం చేసేది యూనిట్. వ్యాసాన్ని 1000తో భాగించడం మరిస్తే నష్టం సున్నా దగ్గరకి వస్తుంది, ప్రతి పైపూ పాసవుతుంది, ఎర్రర్ కూడా రాదు. నష్టం విలువని ఒక పారామీటర్‌లో (మోడల్‌లో పేరు పెట్టి దాచే విలువ) రాయించి కంటితో చూడండి. డిశ్చార్జి పేరుని రూల్‌లో నేరుగా రాయండి. కొటేషన్లలో పెట్టి పారామీటర్ ఫంక్షన్‌తో పిలిస్తే విలువ మార్చినా రూల్ తనంతట తాను నడవదు.