పాత కాయితాల కొలువు: అమెరికా ఆర్కైవ్స్‌లో మన పిల్లలకు దారి

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో హిస్టరీ, తెలుగు, ఉర్దూ చదివిన పిల్లలు అమెరికా తమకు కాదనుకుంటారు. కంప్యూటర్ చదివినోళ్లే పోతారని ఇంట్లోవాళ్లూ అదే మాట అంటారు. ఆర్కైవ్స్ పని సంగతి వాళ్లదాకా చేరకపోవడమే దానికి కారణం. పాత ఉత్తరాలు, దస్తావేజులు, ఫొటోలు, రికార్డులు భద్రం చేసి, వెతికేవాళ్లకు దొరికేలా వివరాలు రాసిపెట్టే ఉద్యోగం ఇది. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ ఏదైనా సరే, ‘స్పెషల్ కలెక్షన్స్’ అనే విభాగంలో ఈ పని నడుస్తుంటుంది.

జీతం సాఫ్ట్‌వేర్ జీతం కాదు. ముందు ఇది తెలుసుకొని రండి. పొలం కుదువపెట్టి పెద్ద అప్పుతో వచ్చే చదువు కాదిది. ఫీజు మాఫీతో పాటు నెలనెలా కొంత డబ్బు ఇచ్చే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ దొరికితే రావచ్చు. అవి కొద్దిగానే ఉంటాయి కాబట్టి అడ్మిషన్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడే అడగాలి, సీటు వచ్చాక కాదు.

కావలసిన డిగ్రీ లైబ్రరీ సైన్స్ మాస్టర్స్, ఎంఎల్ఐఎస్ అంటారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కోర్సేనా, అందులో ఆర్కైవ్స్ పేపర్లు ఉన్నాయా చూసుకోండి. అయితే ఒక్క డిగ్రీతో ఉద్యోగం రాదు. మొదటి మెట్టు ఉద్యోగాల ప్రకటనల్లో కూడా ఒకటి రెండేళ్ల అనుభవం అడుగుతారు. చదువుతూ చేసిన పని ఆ లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే స్పెషల్ కలెక్షన్స్‌లో గంటల లెక్కన ఇచ్చే స్టూడెంట్ ఉద్యోగం పట్టుకోవాలి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు చేయొచ్చు. ఆగస్టులో క్లాసులు మొదలైతే జులైలోనే ఆ విభాగం పెద్దకు మెయిల్ రాయండి. మీకు ఏ భాషలు, ఏ లిపులు చదవడం వచ్చో మొదటి రెండు లైన్లలోనే చెప్పండి.

చేరగానే చేతికి వచ్చేది ఒక కార్టన్. సుమారు ఒక ఘనపుటడుగు ఉంటుంది, నిండుగా ఉంటే 30 పౌండ్ల దాకా తూగుతుంది. అది తెరవగానే తేదీల వారీగా సర్దాలని చెయ్యి గుంజుతుంది. కొత్తవాళ్ల చేతిలో జరిగే అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. కాయితాలు దాచుకున్న మనిషి పెట్టుకున్న వరుసకే విలువ. ఒక ఉత్తరం పక్కన కరెంటు బిల్లు ఎందుకుందో ఆ వరుసే చెప్తుంది, ఒకసారి చెదిరితే మళ్లీ తెలియదు. అందుకని ముందు బాక్స్ మొత్తం కదిలించకుండా చూసి, ఏది దేని తర్వాత ఉందో రాసుకోవాలి. రాతంతా పెన్సిల్‌తోనే, అదీ ఫోల్డర్ మీదే.

తుప్పు పట్టిన పిన్నులు పీకడం ఇంకో పని. మామూలు స్టేపుల్ రిమూవర్ పెడితే పెళుసు కాయితం చిరిగిపోతుంది. కాయితాన్ని వెనక్కి తిప్పి, సన్నటి రేకులాంటి మైక్రో స్పాచులా అనే పనిముట్టుతో పిన్ను రెండు కాళ్లూ లేపి, తర్వాత ముందువైపు నుంచి తీయాలి. అన్ని పిన్నులూ తీయక్కర్లేదు, తుప్పు పట్టినవి తీస్తే చాలు. 2005లో గ్రీన్, మీస్నర్ అనే ఇద్దరు అమెరికా ఆర్కివిస్టులు రాసిన వ్యాసం తర్వాత చాలా చోట్ల పద్ధతి మారింది. ఒక్కో కాయితం మీద గంటలు పెట్టే బదులు ఫోల్డర్ స్థాయిలో వివరం రాసి కలెక్షన్‌ను త్వరగా చదివేవాళ్లకు అందించమన్నారు. అది మంచి సలహా. ఏళ్ల తరబడి ఎవరికీ దొరకని కాయితం, ఎంత శుభ్రంగా ఉన్నా, ఎవరికి పనికొస్తుంది?

పేపర్ కటింగులలో ఆమ్లం ఉంటుంది, పక్క కాయితం మీద గోధుమరంగు మచ్చ వేస్తాయి. వాటిని ఆమ్లం లేని కాయితం మీద జిరాక్స్ తీసి పెడతారు, లేదా మధ్యలో అడ్డు కాయితం వేస్తారు. ఫొటోలు ముట్టుకునేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోవాలి, మామూలు కాయితాలకు కడిగి ఆరిన చేతులే మేలు. బాక్స్ సగం ఖాళీగా ఉంటే కాయితాలు వంగిపోతాయి, అట్టముక్క అడ్డం పెట్టాలి. ఫిల్మ్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్మ్ తయారైన అసిటేట్ అనే ప్లాస్టిక్ పాడవుతోందని అర్థం. ఆ వాసన పక్క ఫిల్మ్‌లకూ చేటు, అప్పటికప్పుడు వేరు చేసి సూపర్‌వైజర్‌కు చెప్పాలి.

ఇదంతా అయ్యాక ఫైండింగ్ ఎయిడ్, అంటే కలెక్షన్‌లో ఏముందో చెప్పే వివరపట్టిక రాస్తారు. శీర్షిక, తేదీలు, పరిమాణం, ఎవరి కాయితాలు, ఏముంది, ఏ భాష, ఎవరు చూడొచ్చు అనేవి డాక్స్ అనే ప్రమాణం ప్రకారం ఆర్కైవ్స్‌స్పేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. పరిమాణం లీనియర్ ఫీట్లలో, అంటే బాక్సులు షెల్ఫు మీద వరుసగా పెడితే పట్టే పొడవులో. 5 అంగుళాల బాక్స్ 0.42 అడుగు, 12 బాక్సులు 5 అడుగులు.

మన ప్రాంతం పిల్లల బలం ఇక్కడే బయటపడుతుంది. నిజాం కాలపు కాయితం మీద 1357 అని ఉందనుకోండి. ఉర్దూలో ఉంది కదా అని హిజ్రీగా తీసుకుంటే 1938-39 అవుతుంది. సర్కారీ కాయితం అయితే అది ఎక్కువగా ఫస్లీ, అంటే పంటల లెక్కన నడిచే సర్కారీ సంవత్సరం. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ అక్టోబర్‌లో మొదలయ్యేది, దానికి 590 కలిపితే 1947-48. అంటే పోలీసు చర్య జరిగిన ఏడాది. ఈ ఒక్క పొరపాటుతో సాయుధ పోరాటం నాటి కాయితం పదేళ్లు వెనక్కి పోయి, దాన్ని వెతికేవాడికి ఎన్నటికీ కనపడదు. పేర్లూ అంతే. రావి నారాయణరెడ్డి పేరు ఇంగ్లిష్‌లో చూసినవాళ్లు ‘రవి’ అసలు పేరు, ‘రెడ్డి’ ఇంటిపేరు అనుకునే ప్రమాదముంది. ఇంటిపేరు ముందొస్తుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్ల సంగతి ఇంకా చిక్కు. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. 2016లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, 2019లో నారాయణపేట వేరు జిల్లాలయ్యాయి. కాయితం పుట్టిన నాటి పేరూ, ఇప్పటి జిల్లా పేరూ రెండూ రాస్తేనే వెతికేవాళ్లకు దొరుకుతుంది.

ఈ బలం పెంచుకోవడానికి విమానం ఎక్కేదాకా ఆగొద్దు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు డిపార్ట్‌మెంట్ ఉత్తరంతో వెళ్లి, రికార్డులు చూడటం అలవాటు చేసుకోండి. అచ్చు ఉర్దూ వస్తే సరిపోదు, గొలుసుకట్టుగా రాసే షికస్తా చదవగలగాలి. నేషనల్ ఆర్కైవ్స్ నడిపే ఏడాది డిప్లొమా కూడా ఉంది. దక్షిణాసియా కలెక్షన్లు గట్టిగా ఉన్న షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ యూనివర్సిటీలను ముందు చూడండి. ఫిలడెల్ఫియాలో 2008 నుంచి నడుస్తున్న సాడా అనే సంస్థ అమెరికాలోని దక్షిణాసియా వాళ్ల కథలనే భద్రం చేస్తోంది.

వీసా సంగతి మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు కోడ్ చూసుకోండి. 25.0101 అయితే అది లైబ్రరీ సైన్స్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు, చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలతో సరి. 11.0401 అయితే ఇన్ఫర్మేషన్ సైన్స్, ఇంకో 24 నెలలు దొరికే వీలుంది. కొన్ని చోట్ల రెండు డిగ్రీల్లోనూ దాదాపు ఇవే ఆర్కైవ్స్ పేపర్లు తీసుకోవచ్చు. చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే సీపీటీ అనుమతి మీద ఫుల్‌టైమ్ 12 నెలలు చేస్తే ఆ స్థాయిలో ఓపీటీ పోతుంది. ఓపీటీలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, ఆలస్యం చేయకండి. ఖర్చులకని బయట గ్యాస్ స్టేషన్లో చాటుగా పనిచేస్తే ఇదంతా ఒక్క దెబ్బకు పోతుంది.

యూనివర్సిటీ ఉద్యోగాలకు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు లేని వెసులుబాటు ఇది. అయితే 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, అది మీకు వర్తిస్తుందా అని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఫెడరల్ ఆర్కైవ్స్ ఉద్యోగాలు చాలావరకు అమెరికా పౌరులకే.

మొదటి ఉద్యోగం చాలాసార్లు ‘ప్రాజెక్ట్ ఆర్కివిస్ట్’ రూపంలో వస్తుంది. గ్రాంటు డబ్బుతో ఏడాదో రెండేళ్లో నడిచే పని. తీసుకోవచ్చు, కానీ ఆఫర్ మీద సంతకం పెట్టేముందే వీసా స్పాన్సర్ చేస్తారా, గ్రాంటు అయిపోయాక పోస్టు ఉంటుందా అని హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. రెజ్యూమేలో ‘ఆర్కైవ్స్‌లో పనిచేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ఏ కలెక్షన్, ఎన్ని లీనియర్ ఫీట్లు, ఏ భాషల కాయితాలు, ఏ సాఫ్ట్‌వేర్, ఫైండింగ్ ఎయిడ్ ఎక్కడ చూడొచ్చు అన్నీ ఒక్క లైన్లో రాయండి.