కొత్తవాళ్ల మొదటి ప్యాచ్ ఎక్కడ ఆగిపోతుందంటే

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో, పనిచెయ్యాలని ఉత్సాహంగా వచ్చినవాళ్లకి "గుడ్ ఫస్ట్ ఇష్యూ అని లేబుల్ ఉన్నదొకటి తీసుకో" అని చెప్పి వదిలేస్తుంటాం. ఇష్యూ, అంటే ప్రాజెక్టులో చెయ్యాల్సిన పని, వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు. క్లోన్ చేసుకున్న (తమ మెషీన్‌లోకి కాపీ తెచ్చుకున్న) కోడ్ అక్కడ బిల్డ్ అవ్వకపోవడం, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తయారవ్వకపోవడమే అసలు కష్టం. ఎవర్నడగాలో తెలీదు, అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. రెండు రోజులు చూసి, చెప్పకుండానే వెళ్లిపోతారు. సాయం చెయ్యాలనుకుంటే మనం పక్కన ఉండాల్సింది అప్పుడే.

అందుకే మొదటి రోజు కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనివ్వకండి. ప్రాజెక్టుని ఉన్నదున్నట్టు బిల్డ్ చేయించి, టెస్టులు రన్ చేయించండి. ఏవైనా ఫెయిలైతే వాటి పేర్లు రాసిపెట్టుకోమనండి. రేపు తమ మార్పు తర్వాత అవే ఫెయిలైనప్పుడు, అవి ముందునుంచీ ఉన్నవేనని తేల్చుకోవడానికి ఆ చీటీ పనికొస్తుంది.

బిల్డ్ మొరాయిస్తే రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం, సూచనలు ఉండే ఫైల్) పక్కన పెట్టి సీఐ (ప్రతి మార్పునీ తనంతట తానే బిల్డ్ చేసి టెస్ట్ చేసే ఏర్పాటు) కాన్ఫిగరేషన్ ఫైల్ తెరవండి. గిట్‌హబ్‌లో అయితే డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లో వర్క్‌ఫ్లోస్ కింద ఉంటుంది. రీడ్‌మీ పాతబడినా చాన్నాళ్లు ఎవరి కంటా పడదు. సీఐ ఫైల్ తప్పయితే వెంటనే ఎర్ర గుర్తు పడుతుంది కాబట్టి ఎవరో ఒకరు సరిచేసి ఉంటారు. పైథాన్ ఏ వెర్షనో, ఏయే లైబ్రరీలు ముందు ఇన్‌స్టాల్ చెయ్యాలో, టెస్టులకి ఏ కమాండో అన్నీ వరసగా అందులోనే దొరుకుతాయి. ఏదైనా ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే అది సబ్‌మాడ్యూల్, అంటే లోపల పెట్టిన వేరే ప్రాజెక్టు, అయ్యుండొచ్చు. గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కమాండ్‌ని ఇనిట్, రికర్సివ్ ఆప్షన్లతో ఇస్తే నిండుతుంది.

ఎర్రర్ చదవడం కూడా నేర్పాలి. సీ కంపైలర్ వంద ఎర్రర్లు కుమ్మరిస్తే మొదటిదే పట్టుకోవాలి, మిగతావి చాలావరకు దాని వెంట వచ్చినవే. పైథాన్ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చూపే జాబితా) దీనికి తలకిందులు, చివరి లైన్ నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాలి. ఇది తెలియక గంటలు పోతాయి. కీబోర్డ్ మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. "ఆ లైన్ పైకి చదువు, ఏ ఫైల్ పేరుంది?" అని అడగండి చాలు.

ఇంత తంటా పడ్డాక రీడ్‌మీలో రాయని మెట్టు ఏదో ఒకటి సాధారణంగా బయటపడుతుంది. దాన్ని చేర్చడాన్ని మించిన మొదటి ప్యాచ్ (ప్రాజెక్టుకి పంపే మార్పు) లేదని నా అభిప్రాయం. పాతవాళ్ల మెషీన్లలో అన్నీ ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటాయి, ఆ లోటు వాళ్లకి కనిపించదు.

మార్పు మెయిన్‌లో (ప్రాజెక్టు ప్రధాన బ్రాంచ్‌లో) కాకుండా వేరే బ్రాంచ్‌లో చేయించండి. ఫోర్క్‌లోని (గిట్‌హబ్‌లో తమ పేరు మీదున్న కాపీలోని) మెయిన్ నుంచే పుల్ రిక్వెస్ట్ (మార్పుని చేర్చుకోమన్న అభ్యర్థన) పెడితే ఆ తర్వాత మెయిన్‌లోకి పుష్ చేసే (పంపే) ప్రతి కమిట్టూ (భద్రపరిచిన మార్పూ) అందులోకే చేరిపోతుంది.

కమిట్‌కి ముందు, ఏయే లైన్లు మారాయో చూపే గిట్ డిఫ్ చూడటం అలవాటు చెయ్యాలి. ఒక్కోసారి రీడ్‌మీలో ఒక్క లైన్ చేరిస్తే డిఫ్‌లో ఫైలంతా ఎరుపు (తీసేసినట్టు), దాని కిందే ఫైలంతా పచ్చ (చేర్చినట్టు). చదివితే రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు లైన్ ఎండింగ్‌లు మార్చేసినా, తనకు తోచినట్టు ఫార్మాట్ చేసేసినా ఇలాగే అవుతుంది. గిట్ డిఫ్‌కి హైఫన్ డబ్ల్యూ తగిలిస్తే ఖాళీల తేడాలు పోయి అసలు మార్పు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎడిటర్‌లో ఆ సెట్టింగ్ ఆపి, గిట్ రీస్టోర్‌తో ఫైల్‌ని వెనక్కి తెచ్చుకుని, ఆ లైన్ మళ్లీ రాస్తే సరి.

కమిట్ మెసేజ్ మొదటి లైన్ 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైన్, ఆ కింద ఎందుకు మార్చామన్నది. ఏం మార్చామో డిఫ్ చెబుతుంది. లినక్స్ కెర్నెల్‌లాంటి కొన్ని ప్రాజెక్టులు సైన్డ్ ఆఫ్ బై లైన్ (సంతకం లాంటిది) అడుగుతాయి, కమిట్ కమాండ్‌కి హైఫన్ ఎస్ ఇస్తే అదే చేరుతుంది. మర్చిపోతే, చివరి కమిట్‌ని సవరించే అమెండ్‌తో పాటు అదే ఆప్షన్ ఇవ్వాలి.

పుల్ రిక్వెస్ట్ పెట్టాక సీఐ కదలకపోతే కంగారుపడొద్దని ముందే చెప్పండి. గిట్‌హబ్‌లో కొత్త కాంట్రిబ్యూటర్ల వర్క్‌ఫ్లోలకి మెయింటెయినర్ (ప్రాజెక్టు నిర్వాహకుడు) అనుమతి కావాల్సి రావచ్చు. రివ్యూలో "నిట్" అని మొదలయ్యే కామెంట్లు చిన్న సవరణలే. పది కామెంట్లు వస్తే తిరస్కరించారని అనుకుంటారు, నిజానికి అంత శ్రద్ధగా చదివారని అర్థం. సరిచేశాక అదే బ్రాంచ్‌కి పుష్ చెయ్యాలి. పాతది మూసేసి కొత్తది తెరిస్తే జరిగిన చర్చంతా చెల్లాచెదురవుతుంది.

రీబేస్, అంటే తమ కమిట్లని తాజా మెయిన్ మీద మళ్లీ పేర్చడం, చెయ్యమంటే భయపడతారు. మధ్యలో చిక్కుకుపోతే గిట్ రీబేస్ అబార్ట్‌తో మొదటికి వచ్చెయ్యొచ్చు. రీబేస్ అయిపోయాక ఏదో పోయిందనిపిస్తే గిట్ రెఫ్‌లాగ్‌లో (బ్రాంచ్ ఏయే కమిట్ల మీద ఉండి వచ్చిందో చూపే చిట్టాలో) పాత కమిట్ ఉంటుంది. ఒకసారి కావాలనే పాడుచేయించి, వెనక్కి తెచ్చుకోమనండి. ఆ తర్వాత పుష్‌కి ఉత్త ఫోర్స్ కాకుండా ఫోర్స్ విత్ లీజ్ వాడటం చూపించండి. తాము చూడని కమిట్లు ఆ బ్రాంచ్‌లో వచ్చి ఉంటే అది పుష్‌ని ఆపేస్తుంది.